మనలను హింసింపని నీరు



దేవాలయమున నీరాజనము ముగిసిన పిమ్మట అర్చకస్వాములు మంత్రపుష్పము చెప్పునప్పుడు మనమందరము దోసిట పూలు ధరించి, తలలు వంచి నిలుచుందుము. నీటికి పుష్పమేదో, నీటికి ఆశ్రయమేదో ఎరిగినవాడు తానును ఆశ్రయము గలవాడగునని ఆ మంత్రముల తాత్పర్యము. అగ్ని, వాయువు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రములు, మేఘము, సంవత్సరము అని ఒక్కొక్కదానిని పేర్కొని, ప్రతిదానికిని నీటితో గల సంబంధమును వేదము చూపినది. ఇంతవరకు మనకు చెవులకు పరిచితమే.

ఈ మంత్రములు తైత్తిరీయారణ్యకములోని మొదటి ప్రశ్నమునందలివి. దీనినే అరుణప్రశ్నమందురు. సూర్యనమస్కారములయందు దీనిని పారాయణము చేయుట మన తెలుగునాట చిరకాలముగా వచ్చుచున్న సంప్రదాయము. మంత్రపుష్పము ఇందు 22వ అనువాకము. అక్కడినుండి నాలుగు అనువాకములు ముందునకు సాగి 26వ అనువాకమునకు వచ్చినచో, స్తుతి ముగిసి నియమము మొదలగుచున్నది. నీటియందు మలమూత్రములు విడువరాదు. ఉమ్మివేయరాదు. వివస్త్రుడై స్నానము చేయరాదు. తామరాకును త్రొక్కరాదు. తాబేలును భక్షింపరాదు. నీటినే ఇటుకలుగా భావించి పేర్చెడు ఆరుణకేతుకచయనమును చేయువానికి విధింపబడిన వ్రతములివి. నీటిలో అగ్ని గూఢముగా నున్నదనియు, దానికి అపచారము కలుగకుండుటకే ఈ నియమమనియు కారణమును గూడ శ్రుతియే చెప్పినది. ఈ వ్రతమునకు ఫలమేమి? స్వర్గమని చెప్పలేదు, ధనమని చెప్పలేదు. అట్టివానిని జలములు హింసింపవని మాత్రమే చెప్పినది.

ఈ ఒక్క మాటను విచారించుటయే నేటి మా ప్రసంగమునకు విషయము. నీటిని మనము హింసింపకున్నచో నీరు మనలను హింసింపదు. హింసించినచో తిరిగి హింసించును. దీనిని శాపమని తలంపవలదు. అతిసారము, కామెర్లు, సన్నిపాతజ్వరము, కలరా మున్నగు వ్యాధులు ఒకరి మాలిన్యము మరియొకరి నోటికి నీటిద్వారా చేరుటచేతనే వ్యాపించుచున్నవని వైద్యులు చెప్పుదురు. వేదము నియమరూపమున చెప్పినదానినే వారు కారణరూపమున చెప్పుచున్నారు.

ఇచ్చట కొందరు భక్తులు ఒక ప్రశ్న వేయుదురు. "స్వామీ! తీర్థము సర్వపాపహరము గదా, దానికి మాలిన్యమెక్కడిది?" అని. ఈ ప్రశ్నకు తిన్నని సమాధానము కలదు. పవిత్రత వేరు, పానయోగ్యత వేరు. తీర్థము హరించునది పాపమును. మలమును తొలగించుకొను బాధ్యత మనుష్యునిది. అట్లు కానిచో ఆచమనమునకు సహితము నురుగు లేని నీటినే గ్రహింపవలెనని ధర్మశాస్త్రము ఏల చెప్పవలెను? యతి నీటిని వస్త్రముతో వడియగట్టియే త్రాగవలెనని ఏల విధింపవలెను? సాక్షాత్తు గంగయందే చేయరాని పనులను పురాణములు ఏల పేర్కొనవలెను? పూర్వులు కంటికి కనబడినంతవరకు పరీక్షించి, ఆ పిమ్మటనే నీటిని గ్రహించిరి. కంటికి కనబడని సూక్ష్మక్రిములను పరీక్షించు సాధనములు నేడు మనకు లభించినవి. వానిని ఉపయోగించుట శాస్త్రమునకు విరుద్ధము కాదు. శాస్త్రమును కడవరకు అనుసరించుటయే యగును.

ఇక మన యూరి సంగతి. అబిడ్స్, నాంపల్లి ప్రాంతములయందు నివసించు మనకు నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో ఎందరెరుగుదురు? 16వ శతాబ్దమున కుతుబ్ షాహీల కాలమున హుస్సేన్ సాగర్ నిర్మితమై, చాలకాలము త్రాగునీటికి ఆధారముగా నుండెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. పిదప మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి. మన పెద్దలు గండిపేట నీరని తియ్యగా చెప్పుకొన్నది ఈ ఉస్మాన్ సాగర్ నీరే. అది యంత్రములతో పనిలేక పల్లమునకు తానై పారుచు, మల్లేపల్లికి చేరువనున్న ఆసిఫ్ నగర్ వడపోత కేంద్రమునకు వచ్చి, అచ్చట శుద్ధియై ఇండ్లకు చేరెడిది. నగరము పెరిగినకొలది మంజీర, కృష్ణ, గోదావరి నదుల నీరు వచ్చెను. నేడు కృష్ణమ్మ నాగార్జునసాగరము నుండి 100 కిలోమీటర్లకు పైబడిన దూరము గొట్టములలో ప్రయాణించి మన గడప త్రొక్కుచున్నది.

దూరపు నీరు వచ్చినది, దగ్గరి నీరు మరపునకు వచ్చినది. పెరటి బావులలో చెత్త పోసితిమి. దేవాలయముల కోనేళ్ళను పూడ్చితిమి. కొళాయి తిప్పిన నీరు వచ్చునంతకాలము బావితో పనియేమని తలచితిమి. కాని కొళాయి నీరును మన నడవడిపైననే ఆధారపడియున్నదని 2009 మే నెలలో తెలియవచ్చినది. మనకు కొద్ది మైళ్ళ దూరముననున్న భోలక్‌పూరులో కలుషితమైన నీరు త్రాగి పలువురు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి.

ఇట్టిది ఎట్లు జరుగునో గృహస్థులందరు తెలిసికొనవలెను. నీరు విడిచిన సమయమున గొట్టములో ఒత్తిడి యుండును గాన బయటి మురుగు లోనికి రాదు. నీరు నిలిపివేసిన పిమ్మట ఒత్తిడి తగ్గును. అప్పుడు గొట్టమునకు చిల్లి యున్నచో, ప్రక్కనున్న మురుగు లోనికి జొరబడును. కొందరు మోటారు బిగించి గొట్టమునుండి నేరుగా నీరు లాగుదురు. దానివలన మురుగు మరింత వేగముగా లోనికి వచ్చును. పొరుగువాని వంతు అపహరింపబడుటయే గాక, వాని బిడ్డకు వ్యాధియు ప్రాప్తించును. ఇది దొంగతనమును, హింసయు రెండును అగుచున్నది.

నగరవాసులు నీటివనరులకై ఏమియు చేయలేదా? చేసిరి. 1996లో ప్రభుత్వము 111వ సంఖ్య ఉత్తర్వు ద్వారా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టు 10 కిలోమీటర్ల మేర కలుషిత పరిశ్రమలను నిషేధించెను. ఆ హద్దులో ఒక పరిశ్రమకు అనుమతి కోరగా వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. పౌరుల సంఘమొకటి జలాశయముల పక్షమున నిలిచి పోరాడినది. 1999, 2000 సంవత్సరముల తీర్పులలో న్యాయస్థానము త్రాగునీటి రక్షణకే ప్రాధాన్యమిచ్చెను. 2022లో ఆ యాంక్షలను సడలించుచు మరియొక ఉత్తర్వు వెలువడినది. కావున ఒకమారు రక్షించితిమని నిద్రింపరాదు. నీటికి కావలి నిత్యకృత్యము.

ఆలయములకు చెందినవారు విశేషముగా గమనింపదగినది మెట్లబావుల పునరుద్ధరణము. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి దశాబ్దుల తరబడి చెత్తతో పూడి, ఆనవాలు లేకుండపోయినది. 2021లో పని ప్రారంభించి, నీటి సంరక్షణకై పాటుపడు స్వచ్ఛందసేవకులు, స్థానికులు, ప్రభుత్వశాఖలు చేయి కలిపి పూడిక తీసిరి. 50 అడుగులకు పైబడిన లోతున ఊటలు మరల తెరచుకొన్నవి. 2022 డిసెంబరు 5న అది ప్రజలకు అంకితమైనది. దాదాపు 22 లక్షల లీటర్ల నీరు పట్టు బావి యది. ఆ సంవత్సరముననే గోలకొండ కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని బావుల పునరుద్ధరణకు యునెస్కో పురస్కారము లభించినది. నాంపల్లికి చేరువనే మల్లేపల్లి వద్దనున్న సీతారాంబాగ్ దేవాలయమున సహితము ప్రాచీనమైన మెట్లబావి కలదు. గనేరీవాలా వంశీయులైన పూరణ్‌మల్లుగారు 19వ శతాబ్దమున ఆ యాలయమును కట్టించినపుడు నీటివసతిని గూడ ఏర్పరచుట గమనింపదగినది. దేవాలయమన్నచో నీరు లేకుండ ఊహింపని కాలమది.

మన తెలుగుదేశమున తటాకమును సప్తసంతానములలో నొకటిగా లెక్కించిరి. పుత్రునితో సమానముగా చెరువును చెప్పుటలో గొప్ప అర్థము కలదు. బిడ్డను కనినంతమాత్రమున తండ్రి పని ముగియదు, పెంచి పోషింపవలెను. కడపజిల్లా పోరుమామిళ్ళ చెరువుకట్టపై 1369వ సంవత్సరపు శాసనము కలదు. ఉత్తమమైన తటాకమునకు 12 అంగములను, 6 దోషములను అది వివరించినది. ఆ యంగములలో జలశాస్త్రమెరిగిన పండితుడు ఒకడు. కట్టనుండి నీరు కారుట దోషములలో నొకటి. భక్తితోపాటు విద్యయు, శ్రద్ధయు వలయునని ఆ శాసనకర్త ఎరుగును. క్రొత్తది కట్టించుటకంటె జీర్ణమైనదానిని ఉద్ధరించుట అధికఫలమని పెద్దలు చెప్పుటకును ఇదియే కారణము.

మరియొక విషయమును చెప్పక తప్పదు. ఏటేటా అనంతచతుర్దశినాడు వినాయకుని శోభాయాత్ర మొజంజాహీ మార్కెట్టు, అబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా హుస్సేన్ సాగర్‌కు సాగును. ఈ వీథులలో నివసించు మనకు అది కన్నులపండువ. కాని వినాయకవ్రతమున విహితమైనది మృత్తికతో చేసిన మూర్తి. మన్ను నీటిలో కరగి మన్నుగానే అడుగునకు చేరును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సులభముగా కరగదు. రంగులలోని సీసము, పాదరసము వంటి లోహములు నీటిలో కలసి చేపల శరీరములకు ఎక్కును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకములలో ఈ ప్లాస్టరు విగ్రహములను నిషేధించినది. 2021లో తెలంగాణ హైకోర్టు వానిని హుస్సేన్ సాగర్‌లో నిమజ్జనము చేయరాదనినది. సుప్రీంకోర్టు ఆ యొక్క సంవత్సరమునకే వెసులుబాటు నొసగెను. న్యాయస్థానము చెప్పువరకు మనము ఆగవలసిన పని లేదు. అరుణప్రశ్నము మనకు ముందే చెప్పియున్నది. విగ్రహము చిన్నదైనచో స్వామి చిన్నవాడగునా? ఇంట పూజించిన మట్టిమూర్తిని తొట్టిలో కరగించి, ఆ మన్ను తులసికోటకు పోసినచో చెరువుకును మేలు, మొక్కకును మేలు.

ఇక ఆచరణము. ఆలయ ధర్మకర్తలును, భక్తులును కలసి చేయదగిన పనులు ఐదు చెప్పెదము.

మొదటిది. ఆలయపు బావిలో, కోనేటిలో నిర్మాల్యము, కర్పూరపు కాగితములు, నూనె దీపములు వేయరాదు. పూలు నీటిలో క్రుళ్ళినపుడు నీటియందలి ప్రాణవాయువును హరించును. వానిని గుంటలో వేసి ఎరువు చేయవలెను. అభిషేకజలము సోమసూత్రముగుండా వేరుగా వెలికి పోవునట్లు పూర్వులు ఏర్పరచిరి. దానిని మొక్కలకు మరల్చవలెనే గాని బావిలోనికి పోనీయరాదు.

రెండవది. బావికి గట్టును, పైన వలయు నుండవలెను. మరుగుదొడ్డి గుంట కనీసము 50 అడుగుల దూరమున నుండవలెను. ఉద్ధరించిన బావి నీటిని పరీక్ష చేయింపక త్రాగరాదు. అది తోటకును, కడుగుటకును ఉపయోగపడినను, అంతమేర త్రాగునీరు మిగులును.

మూడవది. వాననీటిని ఇంకింపవలెను. మన నగరమున ఏటికి సగటున 80 సెంటీమీటర్ల వర్షము కురియును. 100 చదరపు మీటర్ల డాబామీద పడునది ఇంచుమించు 80,000 లీటర్లు. దానిని మురుగుకాలువకు విడువక ఇంకుడుగుంతకు మరల్చినచో బావి ఊట పెరుగును.

నాల్గవది. తీర్థమునకు, ప్రసాదమునకు వాడు నీటిని నెలకొకమారు పరీక్షింపవలెను. కొళాయి చివర లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని ప్రమాణము. చుక్కమందు వేసి రంగు చూచు చిన్న పెట్టెలు దొరకును. బాలురు సహితము దీనిని చేయగలరు. సంశయమున్నచో నీటిని తెర్ల కాచి చల్లార్చి వాడవలెను. తొట్లను ఆరు నెలలకొకమారైనను కడిగి, మూతలు బిగింపవలెను.

ఐదవది చలివేంద్రము. వైశాఖమాసమున ఉదకదానమును మించిన దానము లేదందురు. నాంపల్లి రైలుస్టేషను చెంతను, అబిడ్స్ కూడలియందును ఎండలో నడచు కూలీకి, రిక్షావానికి, ప్రయాణికునికి మీరిచ్చు ముంతెడు నీరే ప్రాణాధారము. కాని మూతలేని కుండలో అందరును చేతులు ముంచినచో దానము రోగదానమగును. కుండలు దినదినము కడుగవలెను. మూత యుండవలెను. పొడుగు కాడ గల గరిటెతో ఎత్తి, పైనుండి పోయవలెను. నీరు శుద్ధమైనదై యుండవలెను. అడిగినవాని కులగోత్రములు అడుగరాదు.

వీనిలో ఏ యొక్కటియు ధనముతో కూడిన పని కాదు. నియమముతో కూడిన పని. శ్రుతి విధించినదియు నియమమునే. రేపు మంత్రపుష్పమునకు చేతులు జోడించి నిలిచినపుడు, నాలుగు అనువాకముల ఆవలనున్న ఆ వ్రతమును గూడ మనస్సున సంకల్పింపుడు. నీటికి మనము అభయమిత్తము. ఆ నీరు మన బిడ్డలకు అభయమిచ్చును.

స్వస్తి.