ట్రైలరుకు దీపాలు: పాత పికప్పు బండికి వైరింగు చేయించే పద్ధతి

పాలు, మేత ఈ రెండూ వేళ తప్పితే పనికిరాని సరుకులు. సాయంత్రం పితికిన పాలు పొద్దు గూకే వేళకు శీతల కేంద్రానికి బయలుదేరాలి. ఉదయం పాల కోసం ఖాళీ క్యాన్లతో బండి తెల్లవారకముందే కదలాలి. మార్గశిర, పుష్య మాసాలలో గార్లదిన్నె ప్రాంతంలో సాయంత్రం 6 గంటలకే పొద్దు గూకుతుంది. ఉదయం 6 గంటలకు ఇంకా మసక చీకటే. మేత సంగతి చూస్తే, సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా మనది. వేరుశనగ కట్టె చాలని ఏడు, పెనకచర్ల దగ్గరి మధ్య పెన్నా జలాశయం కాలువల క్రింద పండిన వరిగడ్డికి పోవలసి వస్తుంది. గడ్డి ఎత్తి, మోకు బిగించేసరికి చీకటి పడనే పడుతుంది.

ఇందుకోసం పాత పికప్పు బండికో, జీపుకో వెనుక ఒక ట్రైలరు తగిలించుకోవడం సులువైన మార్గం. 40 లీటర్ల క్యాన్లు 20 పట్టే ట్రైలరు ఉంటే ఒక్క నడకలో 800 లీటర్ల పాలు పోతాయి. అయితే ట్రైలరు తగిలించగానే బండి వెనుక దీపాలు ట్రైలరు మరుగున పడిపోతాయి. వెనుక వచ్చేవారికి బండి కనిపించదు, ట్రైలరే కనిపించాలి. ట్రైలరుకు దీపాలు లేకపోతే రోడ్డు మీద మనం లేనట్టే లెక్క.

గార్లదిన్నె పక్కగా పోయేది హైదరాబాదు, బెంగుళూరు నగరాలను కలిపే జాతీయ రహదారి. ఒకప్పటి 7వ నంబరు రోడ్డుకు 2010లో నంబర్లు మార్చినప్పుడు 44 అయింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. దించిన హెడ్‌లైటు వెలుగులో దీపం లేని ట్రైలరు సుమారు 40 మీటర్ల దూరానికి గాని స్పష్టంగా కనబడదు. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోగానే అందులో సగం దూరం అయిపోతుంది. మిగిలిన సగంలో బరువు లారీ ఆగదు. కాబట్టి ట్రైలరు దీపం అలంకారం కాదు, ఆ బండి తోలేవాని ప్రాణం. 1989 జూలై 1 నుండి అమలులో ఉన్న మోటారు వాహనాల చట్టం, దాని నియమాలు కూడా ట్రైలరుకు రిజిస్ట్రేషను, వెనుక ఎర్ర దీపాలు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలనే చెబుతున్నాయి.

పాత బండికి ఈ వైరింగు ఎలా ఉండాలో తెలిసి ఉంటే, మెకానిక్కు దగ్గర నిలబడి పని సరిగా చేయించుకోవచ్చు. తెలిసినవారు సొంతంగానే చేసుకోవచ్చు.

కరెంటు పోయి, తిరిగి రావాలి

చాలామంది దీపానికి ఒక వైరు తెస్తే చాలుననుకుంటారు. పాత కాలంలో కపిల తోలిన పెద్దలకు ఒక సంగతి తెలుసు. బాన పైకి వచ్చి నీళ్ళు పోస్తే చాలదు, అది మళ్ళీ బావిలోకి దిగితేనే ఇంకో బాన నీళ్ళు వస్తాయి. కరెంటూ అంతే. బ్యాటరీ నుండి బయలుదేరి, బల్బును వెలిగించి, తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగు దారినే ఎర్తు అంటాము.

బండిలో ఈ తిరుగు దారి పని బాడీ ఇనుమే చేస్తుంది. ట్రైలరు విషయంలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కొక్కెం ఇనుమే గదా, కరెంటు దాని గుండా తిరిగి పోతుందిలే అని వేరే ఎర్తు వైరు వేయరు. కొక్కెం మీద తుప్పు, గ్రీజు, రంగు ఉంటాయి. బండి లాగుతున్నప్పుడు కొక్కెం ఒక చోట ఆనుతుంది, బ్రేకు వేస్తే ఇంకో చోట ఆనుతుంది, గుంతలో దిగితే ఎక్కడా సరిగా ఆనదు. నిలబెట్టి చూసినప్పుడు వెలిగిన దీపం రోడ్డు మీద ఆరిపోవడానికి ముఖ్య కారణం ఇదే. కనుక ట్రైలరు నుండి బండికి ఎర్తు కోసం తప్పకుండా ఒక ప్రత్యేకమైన వైరు వేయాలి. మిగిలిన వైర్లకన్నా అది లావుగా ఉండాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలచినవారు ఈ మాటను గుర్తుంచుకోండి.

ఎర్తు చెడితే గుర్తులు ఇవి. బ్రేకు నొక్కితే వెనుక ఎర్ర దీపం వెలగడం పోయి మందగిస్తుంది. ఇండికేటరు వేస్తే దానితోపాటు ఎర్ర దీపాలు కూడా కొట్టుకుంటాయి. తిరుగు దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులలో దూరి దారి వెతుక్కోవడం వల్ల ఇలా జరుగుతుంది. అప్పుడు బల్బులు మార్చి డబ్బు పోగొట్టుకోవద్దు. బ్యాటరీ ఎర్తు కొస నుండి ఒక పొడుగు వైరు తెచ్చి ట్రైలరు ఇనుమును గీకి ఆనించండి. దీపాలు నిండుగా వెలిగితే రోగం ఎర్తులోనే ఉన్నట్టు.

పని మొదలుపెట్టే ముందు

1. బ్యాటరీ 12 వోల్టులదా, 24 వోల్టులదా చూడండి. పికప్పులు, జీపులు సామాన్యంగా 12 వోల్టులు, పెద్ద లారీలు 24 వోల్టులు. లారీ బల్బు తెచ్చి 12 వోల్టుల బండికి పెడితే మిణుకుమిణుకుమంటుంది. 12 వోల్టుల బల్బును 24కు పెడితే వెంటనే మాడిపోతుంది.

2. బాడీకి కలిపినది బ్యాటరీ మైనస్ కొసనా, ప్లస్ కొసనా చూడండి. బాగా పాతబడ్డ కొన్ని బండ్లలో ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. మామూలు బల్బులకు ఈ తేడా పట్టదు గాని, ఎల్.ఇ.డి. దీపాలు మాత్రం తిరగవేసి కలిపితే వెలగవు.

3. పాత వైర్ల రంగులు నమ్మవద్దు. ఎండకు, నూనెకు అన్నీ ఒకటే రంగుకు తిరిగి ఉంటాయి. ఎవరో ఎప్పుడో మార్చి ఉండవచ్చు కూడా. ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు అతికి, ఒకటి బాడీకి ఆనించి, రెండవది అనుమానమున్న వైరుకు తగిలించి చూడండి. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వెలిగితే అది బ్రేకు వైరు. ఇలా ఒక్కొక్కటి తేల్చుకుని చీటీ కట్టండి.

4. కొన్ని పాత బండ్లలో వెనుక ఒకే బల్బు బ్రేకుకూ ఇండికేటరుకూ పనిచేస్తుంది. అలాంటి బండికి ముందు ఇండికేటరును వేరు చేయించి, తరువాతనే ట్రైలరు పని మొదలుపెట్టాలి.

5. అతుకులు వేసేటప్పుడు బ్యాటరీ ఎర్తు కొసను విప్పి పక్కన పెట్టండి.

ఏడు పిన్నుల సాకెట్టు

బండి వెనుక సాకెట్టు, ట్రైలరు వైరు కొసకు ప్లగ్గు పెట్టుకోవాలి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మానండి. మన వేసవిలో 40 డిగ్రీల ఎండకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. సాకెట్టు లోపల పిన్నుల పక్కన 1 నుండి 7 వరకు అంకెలు పోసి ఉంటాయి. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న వరుస ఇది:

1 – పసుపు వైరు – ఎడమ ఇండికేటరు
2 – నీలం – పొగమంచు దీపం (మనకు అవసరం లేదు, ఖాళీగా వదలవచ్చు)
3 – తెలుపు – ఎర్తు
4 – ఆకుపచ్చ – కుడి ఇండికేటరు
5 – గోధుమ రంగు – కుడి ఎర్ర దీపం
6 – ఎరుపు – బ్రేకు దీపాలు
7 – నలుపు – ఎడమ ఎర్ర దీపం

ఈ రంగుల వైరు దొరకకపోయినా ఫరవాలేదు, అంకెల వరుస మాత్రం తప్పరాదు. అందరూ ఇదే వరుస పాటిస్తే ఒక సంఘం ట్రైలరును పక్క ఊరి సంఘం బండికి తగిలించినా దీపాలు వెలుగుతాయి. పాత బండిలో రెండు ఎర్ర దీపాలకూ ఒకే వైరు ఉంటే సాకెట్టులో 5, 7 పిన్నులను ఒక చిన్న వైరుతో కలపండి. నంబరు పలక దీపాన్ని కూడా ఈ వైరుకే కలపాలి.

వైరు మందం

సన్న వైరు చవక, కాని అది దారిలోనే కరెంటును తినేస్తుంది. లెక్క చూడండి. బ్రేకు బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు. రెండింటికి మూడున్నర ఆంపియర్ల కరెంటు కావాలి. అర చదరపు మిల్లీమీటరు వైరు 6 మీటర్లు పోను, 6 మీటర్లు రాను వేస్తే దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. 12 వోల్టుల బల్బుకు పదిన్నర వోల్టులే అందితే వెలుగులో సుమారు మూడోవంతు తగ్గుతుంది. పోయే వైర్లు 1 చదరపు మిల్లీమీటరు, ఎర్తు వైరు రెండున్నర చదరపు మిల్లీమీటర్లు వేస్తే నష్టం అర వోల్టుకు పడిపోతుంది. అంగట్లో మొదటిది 14/0.30, రెండవది 35/0.30 అని అడిగితే ఇస్తారు. అంటే 0.30 మిల్లీమీటరు పోగులు 14 గాని, 35 గాని ఉన్న వైరు అని అర్థం. పోగుల వైరే వాడాలి. ఇళ్ళకు వాడే ఒంటి తీగ వైరు కుదుపులకు విరిగిపోతుంది.

బ్రేకు దీపానికి రిలే, ఇండికేటరుకు ఫ్లాషరు

బండి బ్రేకు దీపాలు రెండు, ట్రైలరువి రెండు. నాలుగింటికి కలిపి 84 వాట్లు, అంటే 7 ఆంపియర్లు. పాత బండిలోని బ్రేకు స్విచ్చి రెండు బల్బులకు చేసినది. దాని మీద రెండింతల భారం వేస్తే ఏదో ఒక రోజు కాలిపోతుంది. అప్పుడు బండి దీపాలు కూడా పోతాయి. అందుకని మధ్యలో రిలే పెట్టాలి. రిలే అంటే కాలువ తూము వంటిది. చేతితో తిప్పేది చిన్న మర, పారేది పెద్ద నీరు. దానికి నాలుగు కొసలుంటాయి. 30వ కొసకు బ్యాటరీ ప్లస్ నుండి నేరుగా వైరు, 87 నుండి సాకెట్టు 6వ పిన్నుకు వైరు, 86కు బండి బ్రేకు దీపం వైరు, 85కు ఎర్తు కలపాలి. బ్యాటరీ నుండి వచ్చే వైరుకు జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుండి వైరు తెస్తే, అది ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలిన రోజు బండితోపాటు వెనుకనున్న గడ్డి కూడా అంటుకుంటుంది.

ఇండికేటరు టిక్కుటిక్కుమనిపించే పాత ఫ్లాషరు డబ్బా పక్కకు రెండు బల్బుల లెక్కకు చేసినది. ట్రైలరు బల్బు చేరితే మూడవుతాయి. అప్పుడు కొట్టుకునే వేగం మారుతుంది. ఎక్కువ బల్బులకు పనికివచ్చే ఫ్లాషరు పెట్టించండి. ట్రైలరుకు ఎల్.ఇ.డి. దీపాలు పెడితే కరెంటు తక్కువ తీసుకుంటాయి, కుదుపులకు బల్బు తీగ తెగే బాధ ఉండదు. బండిలో కూడా అవే ఉంటే మాత్రం పాత ఫ్లాషరు సరిగా పనిచేయదు, ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కావాలి.

అమరిక

ట్రైలరు వైర్లను ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చట్రం లోపలి వైపు బిగించండి. ఇనుప రేకు రంధ్రం గుండా పోయే చోట రబ్బరు రింగు వేయండి. కొక్కెం దగ్గర మలుపులో తెగకుండా కొంత వదులు ఉండాలి, నేల మీద ఈడ్చుకునేంత వదులు ఉండరాదు. ఒలికిన పాలు పులిసి ఇత్తడి పిన్నులను తినేస్తాయి. అందుచేత సాకెట్టును క్యాన్ల క్రిందికి రాకుండా పక్కకు పెట్టి, మూత వేసి, పిన్నులకు కొంచెం వాజిలిన్ రాయండి. ఎర్తు బిగించే చోట రంగును గీకి తెల్లని ఇనుము కనిపించాక నట్టు బిగించండి.

వరిగడ్డి, వేరుశనగ కట్టె బండి అంచులు దాటి వేలాడుతుంది. పగలు చూసిన దీపం రాత్రికి గడ్డి క్రింద దాగిపోతుంది. కనుక దీపాలను చట్రం క్రింది అడ్డకమ్మికి, చివరి అంచుల దగ్గర బిగించి, బరువు ఎత్తి మోకు వేశాక మరొకసారి వెనుకకు పోయి చూడాలి. రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా తప్పనిసరి. కరెంటు పోయినా అవి పనిచేస్తాయి.

బయలుదేరే ముందు

దీనికి ఇద్దరు మనుషులు, ఒక్క నిమిషం చాలు. ఒకరు బండిలో కూర్చుని ఎర్ర దీపం, బ్రేకు, ఎడమ, కుడి వరుసగా వేయాలి. రెండవవారు వెనుక నిలబడి ఒక్కొక్కటి వెలిగిందని చెప్పాలి. ఎర్ర దీపం వేసి ఉంచి బ్రేకు నొక్కించండి, ఎర్తు మంచి చెడ్డలు అప్పుడే బయటపడతాయి. ట్రాక్టరు ట్రైలరుకు కూడా ఇదే పద్ధతి.

పాల సేకరణ పుస్తకంలో క్యాన్ల లెక్క వ్రాసే చోటనే "దీపాలు చూడడమైనది" అని ఒక గడి గీసి, చూసినవారు సంతకం చేసే ఏర్పాటు సంఘ కార్యదర్శులు చేయగలరు. ఒక దీపమైనా వెలగని రోజు పాలు రెండు నడకలుగా పోనివ్వండి, మేత మరునాటి పగలు తెచ్చుకోండి. ఆ ఆలస్యం వల్ల పోయేది కొంత డీజిలు మాత్రమే.