రెనాల్డ్స్, గెయిన్స్‌బరోల స్పర్ధ – కథయు ఆధారములును

సమకాలికులైన ప్రతిభావంతు లిరువురున్న చోట లోకము ఊరకుండదు. వారి నడుమ ఒక స్పర్ధను, ఆ స్పర్ధకు తగిన యొక కథను కల్పించి గాని తృప్తి నొందదు. శ్రీనాథ పోతనలను బావమరదులను గావించి, ఒకరి భోగమును వేరొకరి విరాగమును ఎదురెదుర నిలిపిన చాటుకథలు మన సారస్వతమున సుప్రసిద్ధములు. ఆ బాంధవ్యమును పరిశోధకులలో పలువురు త్రోసిపుచ్చినను కథ మాత్రము జనుల నాలుకలపై నిలిచియే యున్నది. ఇట్టి కథలను ఎంతవరకు విశ్వసింపవచ్చును, విశ్వసింపరాని వానిని తొలగించిన పిదప చేతిలో మిగులున దేమి అను ప్రశ్న సాహిత్య చరిత్రకే గాక కళాచరిత్రకును చెందినదే. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో రూపచిత్రకారులుగా అగ్రస్థానము నందిన సర్ జాషువా రెనాల్డ్స్, థామస్ గెయిన్స్‌బరోల వృత్తాంతము ఈ విచారణకు మిక్కిలి అనువైనది. ఏలన, వీరి విషయమున కథలును కలవు. ఆ కథలను ఒరసి చూచుటకు తేదీలును, లేఖలును, చిత్రములును కలవు.

నాటి ఇంగ్లండులో చిత్రకారునకు కూడు పెట్టునది రూపచిత్రమే. ఇటలీలో వలె దేవాలయముల గోడలపై పురాణగాథలు చిత్రింప పిలుచువారు లేరు; ప్రకృతి దృశ్యములను కొనువారు అరుదు. ప్రభువులును, వారి భార్యలును, సేనానులును, నటులును తమ ఆకృతులను వ్రాయించుకొనుటకు వచ్చి కూర్చుండెడివారు. అట్లు వచ్చువా రొకని యింటికి పోయిన వేరొకని యింటికి పోనట్లే. కావున స్పర్ధ వారి స్వభావములయందు పుట్టుటకు ముందే వారి వృత్తియందు పుట్టినదని గ్రహింపవలెను.

రెనాల్డ్స్ 1723లో డెవన్ మండలమందలి ప్లింప్టన్‌లో ఒక బడిపంతులునకు జన్మించెను. లండనులో థామస్ హడ్సన్ అను చిత్రకారునియొద్ద శిష్యరికము చేసి, 1749లో కెప్పెల్ అను నౌకాధికారి ఓడలో ఇటలీకి పోయి, రోమునగరమున రెండేండ్లకు పైగా నుండి ప్రాచీన శిల్పములను, రఫేలు మైకెలాంజెలోల చిత్రములను అధ్యయనము చేసెను. అచట సోకిన జలుబు వలననే తన చెవులు దెబ్బతినె నని ఆయన నమ్మెను. తిరిగి వచ్చిన పిదప వ్రాసిన కెప్పెల్ నిలువెత్తు చిత్రము ఆయనకు పేరు తెచ్చినది. 1758లో ఒక్క యేడాదిలోనే సుమారు 150 మంది ఆయనయెదుట కూర్చుండిరి. 1764లో డాక్టర్ జాన్సన్‌తో కలిసి సాహితీమిత్రుల గోష్ఠి నొకదానిని నెలకొల్పెను; బర్క్, గోల్డ్‌స్మిత్ అందలి సభ్యులు. 1768లో రాయల్ అకాడమీ స్థాపితము కాగా తొలి అధ్యక్షుడై, మరుసటి యేట ‘సర్’ బిరుదము నందెను. సభలో చెవికొక గొట్టము నానించుకొని, చిఱునవ్వుతో, ఎవరినిని నొప్పింపక మాటలాడు ఆ మనుష్యునిలో కోపమును చూచినవారు తక్కువ. ఆ శాంతము సహజమో, సాధించినదో చెప్పుట కష్టము. సాధించినదే యని మా తలంపు.

గెయిన్స్‌బరో 1727లో సఫోక్ మండలమందలి సడ్‌బరీలో బట్టల వ్యాపారి యింట పుట్టెను. పదుమూడేండ్ల ప్రాయమున లండను చేరి, గ్రావ్‌లో అను ఫ్రెంచి చిత్రకారుని సాహచర్యమున పని నేర్చెను. ఇటలీ మొగము చూడలేదు. ఇప్స్విచ్‌లో కొంతకాలముండి, 1759లో ధనికులు స్నానములకై వచ్చు బాత్ పట్టణమునకును, 1774లో లండను పాల్‌మాల్ వీధిలోని షోంబర్గ్ భవనమునకును కాపురము మార్చెను. సంగీతమనిన ప్రాణము. మంచి వాద్యము కనబడినచో వెల చూడక కొనెడివాడు. కొన్న వాద్యము లన్నింటిని వాయింపగలిగెనని మాత్రము మిత్రులు చెప్పరు. సంగీత విద్వాంసుడైన జాక్సన్ అను మిత్రునకు వ్రాసిన లేఖలో, మొగములు వ్రాసి వ్రాసి విసుగెత్తినదనియు, తన వాద్యమును చంక నిడుకొని యేదైన నొక పల్లెకు పోయి ప్రకృతి దృశ్యములు వ్రాసికొనుచు బ్రదుకవలెనని యున్నదనియు మొఱపెట్టుకొనెను. పండితులతో పొత్తు తక్కువ, మాట దుడుకు, అలుక సులభము.

ఈ స్వభావభేదము వారి పనితీరునందే తెల్లముగా కనబడును. రెనాల్డ్స్ కూర్చుండువారిని చక్రములు గల ఎత్తైన కుర్చీలో కూర్చుండబెట్టి తాను నిలుచుండి వ్రాసెడివాడు. మొగమును తాను వ్రాసి, దుస్తులను తఱచు సహాయకులకు విడిచెడివాడు. చిత్రమునకు గౌరవము రావలెననిన నాటి నాటి వేషభూషలను విడిచి, ప్రాచీనుల భంగిమలను గ్రహించి, వ్యక్తియందలి విశేషములకన్న సామాన్య స్వరూపమునకు ప్రాధాన్యమీయవలె నని ఆయన మతము. దీనిని ఉదాత్తరీతి యనవచ్చును. గెయిన్స్‌బరో ఇందుకు విరుద్ధముగా 1771లో డార్ట్‌మత్ ప్రభువునకు వ్రాయుచు, మనుష్యులకు నాటకపు వేషములు తగిలించి పోలిక రాలేదని వగచుట అవివేకమని ఎగతాళి చేసెను. అతడు గది తలుపులు మూసి మసకవెలుతురులో పని నారంభించెడివాడు. ఆరడుగుల కఱ్ఱలకు కుంచెలను కట్టి, కూర్చున్న మనుష్యునకును కాన్వాసునకును సమాన దూరమున నిలిచి వ్రాసెడివాడు. పట్టుబట్టల మెఱుపును సైతము తన చేతనే వ్రాసెడివాడు. రెనాల్డ్స్ రంగులలో పరీక్షలు మెండుగా చేయుటచే ఆయన చిత్రములు కొన్ని ఆయన బ్రదికి యుండగనే వెలవెల బోయినవి. చిత్రము నిలిచినంత కాలమే ఏటేట సొమ్ము చెల్లింపవలె నని హోరేస్ వాల్పోల్ పరిహసించె నందురు.

ఇక స్పర్ధను గూర్చి ప్రచారమందున్న కథలలో మొదటిది ‘బ్లూ బాయ్’ కథ. చిత్రమున ప్రధానమైన వెలుగు భాగములు పసుపు, ఎఱుపు వంటి వెచ్చని వర్ణములతోనే నుండవలెననియు, నీలము వంటి చల్లని వర్ణములను వానికి తోడుగా మాత్రమే మితముగా వాడవలెననియు రెనాల్డ్స్ అకాడమీ ఉపన్యాసమున విధించెననియు, ఆ విధిని భంగపఱుప గెయిన్స్‌బరో నిలువెల్ల నీలిపట్టు ధరించిన బాలుని చిత్రించి ప్రత్యర్థి నోరు మూయించెననియు ఈ కథ. వినుట కింపుగా నున్నది. కాని రెనాల్డ్స్ ఆ మాట చెప్పినది ఎనిమిదవ ఉపన్యాసమున. దాని తేదీ 1778 డిసెంబరు 10. నీలిబాలుడు అకాడమీ ప్రదర్శనమున కనబడినది 1770లో. ప్రశ్నకు ఎనిమిదేండ్లు ముందే ప్రత్యుత్తరము వచ్చినదని నమ్మిననే గాని ఈ కథ నిలువదు. మఱియు 1939లో జరిగిన ఎక్స్‌కిరణముల పరీక్షలో ఆ కాన్వాసుపై క్రింద వేఱొక పురుషుని అసంపూర్ణ చిత్రము కలదని తేలినది. వాదమునకై తలపెట్టిన మహాచిత్రమును ఎవడును వాడి విడిచిన కాన్వాసుపై నారంభింపడు. బాలుడు ధరించినది తన కాలపు దుస్తులు కావు. నూఱేండ్లకు పూర్వపు వాన్‌డైక్ చిత్రములలోని వేషము. వేషములను ఎగతాళి చేసిన చేతియే ఈ వేషమును వ్రాసినది. అతడు ఎవరికైన ఎదురు నిలువ నెంచెనేని అది వాన్‌డైక్‌కు గాని రెనాల్డ్స్‌కు గాదని మా యభిప్రాయము.

కథ పోయినంత మాత్రమున స్పర్ధ పోలేదు. ఆధారములు గల స్పర్ధ వేఱొక తెఱగున, మఱింత లౌకికముగా, నడచినది. గెయిన్స్‌బరో అకాడమీ స్థాపక సభ్యులలో నొక్కడే యైనను, అలిగి 1773 మొదలు నాలుగేండ్లు అచటికి చిత్రములు పంపలేదు. 1784లో రాజు పెద్దకుమార్తెలు మువ్వురి చిత్రమును పంపుచు, దానిని సున్నితమైన వెలుతురులో వ్రాసితిననియు, ఐదున్నర అడుగులకు మించిన యెత్తున వ్రేలాడదీయరాదనియు కోరెను. నిర్వాహకులు నియమమును సడలింపలేదు. అతడు తన చిత్రము లన్నింటిని మరలించుకొని, బ్రదికినంత కాలము ఆ గడప త్రొక్కక, తన యింటనే ప్రదర్శనములు జరుపుకొనెను. పట్టుదలలో న్యాయము లేకపోలేదు: పలుచని గీతలతో వ్రాసిన చిత్రము ఎత్తునకు పోయిన కనబడదు. కాని అడిగిన తీరున వినయము లేదు.

రాజాదరము మాత్రము గెయిన్స్‌బరో వైపే యుండెను. మూడవ జార్జియు రాణియు అతనిచేతనే తమ కుటుంబమును వ్రాయించుకొనిరి. 1784లో అలన్ రామ్సే మరణింపగా ఆస్థాన ప్రధాన చిత్రకారుని పదవి రెనాల్డ్స్‌కు వచ్చినది. అదియైన ఆయన అకాడమీ అధ్యక్షతకు రాజీనామా యిత్తునని బెదిరించిన మీదటనే వచ్చినది. వచ్చిన పిదప రట్లండ్ ప్రభువునకు వ్రాయుచు, ఆ పదవి లాభమున రాజుగారి ఎలుకలు పట్టువాని పదవికి సాటిరాదనియు, గౌరవమున దానికి దరిదాపుగా నున్నదనియు వాపోయెను. జీతము ఏటికి 38 పౌన్లు. ఇతరు లొక్కొక్క నిలువెత్తు చిత్రమునకు 200 పౌన్లు ఇయ్యగా రాజు ఇచ్చునది 50 మాత్రమే. ఎన్నడును తొణకని రెనాల్డ్స్ తొణికిన జాడ ఈ లేఖలో చూతుము.

ఇరువురి రీతులను ప్రక్కప్రక్కన నిలిపి చూడగోరువారికి నటీమణి సారా సిడన్స్ చిత్రములు చాలును. 1784లో రెనాల్డ్స్ ఆమెను విషాదనాటకాధిదేవతగా మేఘములనడుమ సింహాసనముపై కూర్చుండబెట్టి, వెనుక రెండు ఛాయామూర్తులను నిలిపి, తన సంతకమును ఆమె వస్త్రపు టంచుపై వ్రాసెను. మరుసటి యేట గెయిన్స్‌బరో అదే స్త్రీని చారల నీలి వస్త్రముతో, నల్లని టోపీతో, నాటి లండను వీధిలో కనబడునట్లే చిత్రించెను. మొదటిదానిలో ఆమె కళ కలదు. రెండవదానిలో ఆమె కలదు. మొదటి చిత్రమును ‘బ్లూ బాయ్’తోపాటు 1921లో అమెరికాకు చెందిన హంటింగ్టన్ కొనెను, నేడు కాలిఫోర్నియాలోని ఆయన చిత్రశాలలో ప్రత్యర్థు లిరువురు ఒక్క కప్పు క్రిందనే యున్నారు.

మూడవ వాడొకడు కలడు. 1762లో ఉత్తరదేశము నుండి లండను చేరిన జార్జ్ రామ్నీ అకాడమీకి ఎన్నడును చిత్రము పంపలేదు. అయినను పట్టణము రెనాల్డ్స్ పక్షము, రామ్నీ పక్షము అని రెండుగా చీలినదనియు, తాను రామ్నీ పక్షమనియు థర్లో ప్రభువు పలికెను. రెనాల్డ్స్ అతని పేరెత్తక, ‘కావెండిష్ చౌకులోని మనిషి’ యని మాత్రమే వ్యవహరించెడివాడట. గెయిన్స్‌బరో విషయమున ఆయన యిట్లు మాటలాడినట్లు వినము. రామ్నీ ఆయన రాబడికి పోటీ. గెయిన్స్‌బరో ఆయన సిద్ధాంతమునకు పోటీ. రెండవ పోటీని గౌరవింప వచ్చును.

గౌరవించినట్లు నిదర్శనములు కలవు. 1782 ప్రదర్శనమున గెయిన్స్‌బరో వ్రాసిన ‘పందులతో బాలిక’ చిత్రమునకు అతడు 60 గినీలు కోరగా, రెనాల్డ్స్ 100 గినీలిచ్చి కొనెను. గెయిన్స్‌బరోయు రెనాల్డ్స్ చిత్రములయందలి వైవిధ్యమును చూచి, తిట్టుతో కలిసిన మెప్పు నొకసారి వెలిబుచ్చెనని ప్రసిద్ధి. ఆ నవంబరులోనే రెనాల్డ్స్ తన రూపము వ్రాయించుకొనుటకై గెయిన్స్‌బరో యెదుట కూర్చుండెను. ఇంతలో జబ్బుపడి బాత్ పట్టణమునకు పోయి, స్వస్థుడై వచ్చి కబురంపెను. గెయిన్స్‌బరో మరల కుంచె పట్టలేదు. ఆ చిత్రము పూర్తికాలేదు.

ఆఱేండ్లు గడచినవి. 1788 జులైలో, మెడపై పుట్టిన వ్రణముచే మంచము పట్టిన గెయిన్స్‌బరో, ఒక్కసారి తన యింటికి వచ్చి చిత్రములను చూచిపొమ్మని రెనాల్డ్స్‌కు లేఖ వ్రాసెను. తన కాయనపై గల ఆదరము ఎన్నడును మాయలేదని అందు తెలిపెను. రెనాల్డ్స్ పోయెను. రోగి మంచముకడకు కొన్ని చిత్రములను తెప్పించి చూపెను. ఆగస్టు 2వ తేదీన గెయిన్స్‌బరో మరణించెను. క్యూ గ్రామమున జరిగిన ఖననమునందు శవపేటిక వెంట నడచినవారిలో రెనాల్డ్స్ ఒకడు.

ఆ డిసెంబరు 10వ తేదీన ఆయన యిచ్చిన పదునాల్గవ ఉపన్యాసము గెయిన్స్‌బరోను గూర్చినది. మా విచారణలో ఇదియే ముఖ్యాధారము. తమ నడుమ చిన్న చిన్న ఈర్ష్యలుండి యున్నను అవి ఆ కడపటి కలయికలో మాసిపోయిన వని ఆయన యొప్పుకొనెను. బల్లపై ఱాళ్ళను, ఎండుగడ్డిని, అద్దపుముక్కలను పేర్చి వానిని కొండలుగా, చెట్లుగా, నీరుగా వృద్ధి చేయు అతని యలవాటును వర్ణించెను. పిమ్మట అసలు విషయమునకు వచ్చెను. దగ్గఱ నుండి చూచిన అర్థములేని గీతలుగా తోచు ఆ కుంచెజాడలు, దూరము పోగానే ఏదో మాయచే రూపము దాల్చు చున్నవి. పోలిక యెట్లు వచ్చుచున్నది? చిత్రకారుడు పూర్తిగా చెప్పక విడిచినదానిని చూపరి యూహ పూరించుచున్నది గనుక. మన ఆలంకారికులు వాచ్యముకన్న వ్యంగ్యమునకు పెద్దపీట వేసిన వాదము ఇట పాఠకులకు జ్ఞప్తికి రాకమానదు. ఇరువదేండ్లు నియమములను బోధించిన ఆచార్యుడు, తన నియమములలో నిముడని సౌందర్యమునకు హేతువు వెదకి చెప్పుచున్నాడు.

అయినను ఆయన యంతటితో ఆగలేదు. అస్పష్టమైన ఈ పద్ధతి అతనికే చెల్లినదనియు, చూపరి యూహ అనుకొన్నదానికన్న వేఱుగా పోయినచో నిరాశయే మిగులుననియు, విద్యార్థులు దీని ననుకరింపరాదనియు హెచ్చరించి, మరల పాఠములోనికి పోయెను.