గాలికి ఆరని దీపం!

కరెంటు పోతే ‘ఎప్పుడొస్తుంది?’ అని అడుగుతాం. అసలు పోకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోక తప్పని పరిస్థితి ఉక్కునగరం విశాఖకు ఒక్కరోజులో వచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. మధ్యలో కాసేపు అంతా ప్రశాంతం. ‘హమ్మయ్య’ అనుకునేలోపే ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. తుపాను కన్ను నగరం మీదుగా వెళ్లింది మరి! పచ్చటి కైలాసగిరి మోడుబారింది. వీధుల్లో ఎక్కడ చూసినా కూలిన చెట్లు, వాటి కింద తెగిన తీగలు, ఒరిగిన స్తంభాలు.

పోయింది వెలుగొక్కటే కాదు. మోటారు ఆడక ట్యాంకులో నీళ్లు లేవు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. పెట్రోలు బంకుల ముందు బారులు. ఏటీఎం పనిచేయకపోతే బ్యాంకులో డబ్బుండీ ఏం లాభం? సొంత విద్యుత్ కేంద్రమున్న ఉక్కు కర్మాగారానికే ఆ దెబ్బ తప్పలేదు. ఉత్పత్తి ఆగిపోయింది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ... అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌లకు నదుల పేర్లు, అమ్మవారి పేరు పెట్టుకున్నారు. వాటికి గాలి ఊదుతూనే ఉండాలి, చుట్టూ చన్నీళ్లు తిరుగుతూనే ఉండాలి. లోపలి లోహం గడ్డకట్టిందంటే కోట్లలో నష్టం.

పదింట్లో ఒక్కటి చాలు

సబ్‌స్టేషన్ నుంచి మన ఇంటి మీటరు దాకా కరెంటు ఎన్నో మెట్లు దిగి వస్తుంది. ఫీడరు, స్విచ్చి, ట్రాన్స్‌ఫార్మరు, తీగ, ఫ్యూజు... అలాంటివి పది ఉన్నాయనుకుందాం. ఒక్కోటీ నూటికి 99 సార్లు సరిగా పనిచేస్తుంది. బ్రహ్మాండం అనిపిస్తుంది కదూ! కానీ పదీ ఒకేసారి బాగుండే అవకాశం నూటికి 90 మాత్రమే. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా ఇల్లు చీకటే.

అందుకే ఇంజినీర్లు రెండో దారి వేస్తారు. ఒక ఫీడరు పోతే ఇంకో ఫీడరు నుంచి సరఫరా. రెండూ ఒకేసారి పోయే అవకాశం నూటికి ఒకటికి పడిపోతుంది. అయితే ఇక్కడే ఉంది మెలిక. ఈ లెక్క రెండు లైన్లూ వేర్వేరు కారణాలతో చెడినప్పుడే నిజం. రెండూ ఒకే రోడ్డు పక్కన, ఒకే చెట్ల వరుస కింద ఉంటే? తుపాను రెంటినీ కలిపి పడేస్తుంది. అప్పుడు రెండో దారి కాగితం మీదే మిగులుతుంది.

నేల కిందికి...

హుద్‌హుద్ తర్వాత తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (ఈపీడీసీఎల్) విశాఖలో భూగర్భ కేబుళ్ల బాట పట్టింది. 2015లో ప్రపంచ బ్యాంకు మంజూరుచేసిన 25 కోట్ల డాలర్ల విపత్తు పునరుద్ధరణ పథకంలో ఇదీ ఒక భాగం. గాలి తగలదు, కొమ్మ పడదు. సముద్రపు ఉప్పు, రేవు దుమ్ము ఇన్సులేటర్ల మీద పేరుకుని, మంచుకు తడిసి, నిప్పురవ్వలు రాలే బాధా ఉండదు.

మరి ఊరంతా అలాగే వేసేయొచ్చుగా? ఖర్చు పైలైన్లకు కొన్ని రెట్లు. తెగిన తీగ కంటికి కనిపిస్తుంది, పాడైన కేబుల్ కనిపించదు. యంత్రాలతో చోటు పసిగట్టి, రోడ్డు తవ్వి బాగుచేయాలి. నీటి పైపు కోసం తవ్వేవారి గునపం దానికి తగిలినా ముప్పే.

సగటు చెప్పని సంగతి

కరెంటు నమ్మకాన్ని కొలవడానికి ప్రపంచమంతా వాడే లెక్క ఒకటుంది. ఏడాదిలో ఒక్కో వినియోగదారుకు సగటున ఎన్ని నిమిషాలు సరఫరా ఆగింది అన్నదే అది. పది వేల ఇళ్లలో వెయ్యి ఇళ్లకు రెండు గంటలు పోతే సగటు పన్నెండు నిమిషాలే! వినడానికి బాగానే ఉంటుంది. ఆ వెయ్యి ఇళ్లూ ప్రతిసారీ ఫీడరు చివరనున్న ఒకే పేటవైతే? సగటు ఆ మాట చెప్పదు.

అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలన్నది ఒక్క ఇంజినీర్ల లెక్క కాదు. ఆసుపత్రి, మంచినీటి పంపు ముందు. అందులో వాదన లేదు. ఆ తర్వాత ఎవరు? చెట్ల కొమ్మలు వేళకు కొట్టడం, విడి స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు నిల్వ ఉంచుకోవడం, హెచ్చరిక రాగానే లైన్‌మన్లను దగ్గరికి చేర్చడం... ఇవి తక్కువ ఖర్చుతో అందరికీ పనికొచ్చే పనులు.

2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను కుదిపేసింది. తర్వాతిది ఎప్పుడో, ఎక్కడో ఎవరూ చెప్పలేరు. వచ్చిన మర్నాడు ఏ వీధిలో ముందు దీపం వెలగాలో మాత్రం ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఆ వరుసలో చివరి వీధిని మరిచిపోకుండా ఉంటే చాలు.