కొమ్మమీద ఉన్నవారి మాట

సాయంకాలము నాలుగు గంటలు దాటిన వేళ ఉప్పల్ చౌరస్తాలో, 2023లో తెరచిన ఆకాశవంతెన క్రింద, వరంగల్ దిక్కునకు పోవు బస్సులును నాగోలు వైపు మరలు ఆటోలును ఒకదాని నొకటి త్రోసికొనుచుండగా, ఆ రద్దీ నడుమ టై వదులు చేసికొని, సంచి నొక భుజమున వ్రేలాడదీసికొని, ఎవనికొఱకో ఎదురుచూచుచున్న తొమ్మిదవ తరగతి బాలుర గుంపు కనబడినచో, దారినపోవువారు స్నేహబృందమని తలచి సాగిపోవుదురు. మధ్యాహ్న భోజన విరామమున "బయటికి రా, చూస్కుందాం" అని ఒకడు మఱొకనికి పెట్టిన గడువు ఇప్పుడు తీరబోవుచున్నదని వారికెట్లు తెలియును?

ఉన్నత పాఠశాలలో తగవు లేని దినముండదు, ఉండనక్కఱయు లేదు. కిటికీ ప్రక్క చోటుకొఱకు, బంతి బ్యాటునకు తగిలెనా లేదా యనుటకు కలహించుకొని, సోమవారము కటీఫ్ చెప్పుకొన్నవారు బుధవారమునకు ఒకే టిఫిను డబ్బాలో చేతులు పెట్టుట పెద్దల ప్రమేయము లేకయే జరిగిపోవును. అచట పెద్దలు తల దూర్చుట చెఱుపే. చిక్కంతయు వేఱొక జాతి తగవుతో నున్నది.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలలో పనికై ఒడిశా, బీహారుల నుండి వచ్చినవారి బిడ్డలును, నల్లగొండ, వరంగల్ పల్లెల నుండి తరలివచ్చినవారి బిడ్డలును ఈ ప్రాంతపు బడులలో ఒకే బెంచీపై కూర్చుందురు. ఒక ఉదాహరణము చెప్పుదును. ఇది ఏ ఒక్క బడిదియు కాదు, అనేకుల అనుభవము కలిసినది. ఇంట హిందీ మాటలాడు బాలుడొకడు తరగతిలో లేచి "నేను నిన్న వచ్చింది సార్" అనును. తరగతి నవ్వును, సారును నవ్వును. మఱునాటినుండి అతడు చేయి యెత్తినప్పుడెల్ల చివరి బెంచీనుండి "వచ్చింది, వచ్చింది" అను కేక వెలువడును. కొన్నాళ్లకు అతడు చేయి యెత్తుటయే మానివేయును. పిమ్మట లెక్కల నోట్సు మాయమగును. నిద్రమొగముతో నున్న అతని ఫొటో స్టిక్కరై వాట్సాప్ గ్రూపులో తిరుగును. ఒకనాడు అతడు జామెట్రీ బాక్సు నెత్తి ముందువాని నుదుట కొట్టును. బడి చూచునది ఆ దెబ్బ నొక్కదానినే.

అప్పుడు వెలువడు తీర్పు మనకందఱకును పరిచితమే: "ఇద్దరిదీ తప్పే, చేతులు కలపండి, సారీ చెప్పుకోండి, మళ్లీ లొల్లి పెట్టుకుంటే టీసీ ఇచ్చి పంపిస్తాం." చూచుటకు సమదృష్టివలె నుండు ఈ తీర్పంత అన్యాయమైనది మఱొకటి లేదని నా అభిప్రాయము. నార్వేలో 1982లో ముగ్గురు బాలురు ప్రాణములు తీసికొనగా, తోటివారి వేధింపే అందులకు కారణమై యుండునని దేశము కలతపడినప్పుడు, బడులకు శాస్త్రీయమైన మార్గమును చూపిన డాన్ ఓల్వెయస్ అను మనస్తత్వవేత్త వేధింపునకు మూడు లక్షణములను గుర్తింపుమనెను: బాధింపవలెనను ఉద్దేశము, మరల మరల జరుగుట, ఇరువురి బలములలో అసమానత. ఈ మూడవదియే కీలకము. సమానుల మధ్య రాజీ పొసగును; గుంపునకును ఒంటరికిని మధ్య చేయించు రాజీ ఆ ఒంటరిని మరల గుంపునకే అప్పగించును.

మన యింటి కథయే చూడుడు. కౌరవులు పండ్లకై చెట్లెక్కగా భీముడు మ్రాను తన్ని వారిని రాల్చెను. నీటిలో ముంచి ఊపిరాడనీయకుండెను. ద్రోహబుద్ధితో కాదు, బాల్యచాపల్యముతోనే చేసెనని భారతము చెప్పుచున్నది. కాని కొమ్మమీద ఉన్నవారికి అది ఆటగా తోచునా? హస్తినాపురమున ఇందఱు వృద్ధు లుండియు, క్రిందపడినవారిని పిలిచి విచారించిన జాడ లేదు. ఆ ఉక్రోషము ప్రమాణకోటి యొద్ద భీమునకు పెట్టిన విషాన్నమై తేలెను. అంతకన్న విచారింపదగినది తరువాతి ఘట్టము: భీముడు బ్రదికి వచ్చి జరిగినది చెప్పగా, ఈ మాట బయటికి పొక్కనీయవలదని ధర్మరాజే వారించెను. అడవులనుండి వచ్చి పరుల పంచన నున్నవారి భయము అతనిది. బడి పేరు చెడునని నేడు గదిలోనే అణచివేయు ఫిర్యాదునకు అట్టి నెపమును లేదు.

చూచి నవ్వువారి సంగతి వేఱు. ఫిన్లాండులో తుర్కు విశ్వవిద్యాలయమువారు రూపొందించిన "కీవా" అను పద్ధతి, వేధించువానికన్న అతని చుట్టును నిలిచినవారిపైననే ప్రధానముగా దృష్టి నిలుపును. నవ్వు దొరకనిచోట ఆ వేషము నిలువదు గదా.

కావున తగవు తెలిసిన ఉపాధ్యాయుడు మొట్టమొదట ఇరువురిని వేఱువేఱుగా, తరగతి యెదుట గాక, కూర్చుండబెట్టి వినవలెను; దెబ్బకు ముందు నెల దినములలో ఏమి జరిగెనో తేదీలతో వ్రాసికొనవలెను; స్టిక్కరును తొలగింపించి, బెంచీలు మార్చి, వారము గడచిన పిదప మరల ఆ పిల్లవానిని పిలిచి అడుగవలెను. ఈ కడపటి పనినే బడులు సాధారణముగా మఱచును. బెత్తమునకు ఇందు తావు లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడ నిషేధించినది. ఉమ్మడి రాష్ట్రమున 1997లో వచ్చిన ర్యాగింగు నిషేధ చట్టము, ఫిర్యాదు అందియు కదలని సంస్థాధిపతిని ఆ నేరమునకు తోడ్పడినవానిగానే యెంచును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. చొక్కా చినిగి యింటికి వచ్చిన బిడ్డను "నువ్వేం చేసినవ్?" అని గద్దింపక, "ఎన్నాళ్లనుంచి?" అని అడుగుడు. సమాధానము విన్న పిదప బడికి పోయి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు; అచట వినువారు లేకున్నచో బాలల సహాయ కేంద్రమగు 1098కి ఫోను చేయుడు. ఆ సహాయ కేంద్రము రేయింబవళ్లు పనిచేయును. ఆ ఫోనునకు రుసుము లేదు.