గంజాయి, మెదడు, స్కిజోఫ్రీనియా

1992లో జెరూసలేములోని శాస్త్రజ్ఞులు మెదడులో సహజంగా తయారయ్యే ఒక రసాయనాన్ని వేరుచేసి, సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దం ఆధారంగా దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ మెదడులో ఏ గ్రాహకాలకు అంటుకుంటుందో, ఆనందమైడ్ కూడా వాటికే అంటుకుంటుంది. ఈ గ్రాహకాలను సీబీ1 అంటారు. గంజాయికీ స్కిజోఫ్రీనియాకూ గల సంబంధం బోధపడాలంటే ముందు వీటి పని తెలియాలి.

నాడీకణాల మధ్య సందేశం సాధారణంగా ఒకే దిశలో సాగుతుంది. ఆనందమైడ్ వంటి పదార్థాలు మాత్రం ఎదురు నడుస్తాయి. సందేశం అందుకున్న కణం వీటిని అప్పటికప్పుడు తయారుచేసి, పంపిన కణానికి “ఇక చాలు” అని తెలియజేస్తుంది. పొలం తడవగానే తూము మూయడం వంటిదే ఇది. పని ముగియగానే ఎంజైములు వీటిని విచ్ఛిన్నం చేస్తాయి. టీహెచ్‌సీకి ఇంతటి పొదుపు తెలియదు. అది అవసరం ఉన్నచోటా లేనిచోటా సీబీ1 గ్రాహకాలను పట్టుకొని, గంటల తరబడి తూములను అస్తవ్యస్తం చేస్తుంది. ఫలితంగా గ్లూటమేట్, గాబా, డోపమీన్ల సమతూకం చెదురుతుంది.

స్కిజోఫ్రీనియాలో, ముఖ్యంగా స్ట్రయేటమ్ అనే భాగంలో, డోపమీన్ ఉత్పత్తి మితిమీరుతుందని అనేక పరిశోధనలు చూపాయి. ఏ విషయం ముఖ్యమో గుర్తించడంలో డోపమీన్‌కు పాత్ర ఉంది. అది అదుపు తప్పితే వీధిలో ఎవరో దగ్గినా అందులో తనకేదో సంకేతం ఉన్నట్లు రోగికి తోచవచ్చు. 2004లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, ఆరోగ్యవంతులకు సిరలోకి టీహెచ్‌సీ ఎక్కించినప్పుడు అనుమానం, ఆలోచనల చెదురు వంటి లక్షణాలు తాత్కాలికంగా కనిపించాయి. అయితే దీర్ఘకాలం గంజాయి వాడేవారిలో డోపమీన్ తయారీ తగ్గినట్లు కూడా ఒక అధ్యయనం చూపింది. కనుక కథ ఒక్క డోపమీన్‌తో ముగియదు.

జనసమూహాల అధ్యయనాలు ఏమంటున్నాయి? 1969-70లో స్వీడన్ సైన్యంలో నమోదైన 45,570 మంది యువకులను 15 ఏళ్లు గమనించారు. 50 సార్లకు మించి గంజాయి వాడామన్నవారిలో స్కిజోఫ్రీనియా, వాడనివారికంటే 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా బాగా తగ్గినా, పూర్తిగా పోలేదు. 2019లో యూరప్, బ్రెజిల్‌లలోని 11 కేంద్రాల అధ్యయనం మరో అడుగు వేసింది. రోజూ గంజాయి వాడేవారికి సైకోసిస్ వచ్చే అవకాశం 3 రెట్లకు పైగా, రోజూ గాఢమైన రకం వాడేవారికి దాదాపు 5 రెట్లు ఉందని తేల్చింది. ఇక్కడ గాఢమైనదంటే టీహెచ్‌సీ 10 శాతం లేదా అంతకు మించినది.

సంబంధం ఉన్నంత మాత్రాన కారణం రుజువైనట్లేనా? వ్యాధి తొలి కలత నుంచి ఉపశమనం కోసమే కొందరు గంజాయిని ఆశ్రయిస్తారన్న వాదన ఉంది. స్కిజోఫ్రీనియాకు దోహదపడే జన్యువులే గంజాయి వైపూ మొగ్గు కలిగిస్తాయన్న ఆధారాలూ ఉన్నాయి. ఇవి నిజమైనా, మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరగడాన్ని వీటితోనే పూర్తిగా వివరించలేము. జన్యువులు, బాల్యంలోని కష్టాలు, గంజాయి కలిసి పనిచేస్తాయన్నది ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. స్వీడన్ అధ్యయనంలో అధికంగా వాడినవారిలో కూడా 100కి సుమారు ముగ్గురికే వ్యాధి వచ్చింది.

ఆ ముగ్గురెవరో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. తెలిసినదల్లా ప్రమాదాన్ని పెంచే పరిస్థితులే. వాటిలో వయస్సు ప్రధానమైనది. ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు మెదడు ముందుభాగం అనవసరమైన నాడీ సంధులను తొలగించుకుంటూ పరిపక్వమవుతుంది. ఈ ప్రక్రియలో సీబీ1 గ్రాహకాలకు పాత్ర ఉంది. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

అమెరికాలో ఈ ప్రశ్నకు నేడు కొత్త బరువు వచ్చింది. 1995లో అధికారులు పట్టుకున్న గంజాయిలో సగటున 4 శాతం ఉన్న టీహెచ్‌సీ, 2014 నాటికి సుమారు 12 శాతానికి చేరింది. అనేక రాష్ట్రాలలో అది దుకాణాలలో చట్టబద్ధంగా దొరుకుతున్నది. తాతల కాలంలో పండుగనాడు తాగిన భంగుతో దీన్ని పోల్చి నిశ్చింతగా ఉండడం తగదు. కాలేజీలో ఉన్న బిడ్డ ఉన్నట్టుండి ఎవరితోనూ కలవకపోయినా, అకారణంగా అనుమానించినా, లేని గొంతులు వింటున్నా, పరువు గురించి ఆలోచిస్తూ కాలయాపన చేయరాదు. గంజాయి మానినవారిలో వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందనీ, చికిత్స త్వరగా మొదలైతే ఫలితం మెరుగుపడుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. జన్యువులను మార్చుకోలేము. మార్చుకోగల కారణాలలో మాత్రం ఇది ఒకటి.