కొట్టుగదిలో పోస్టాఫీసు

రండి పిలకాయలూ, తిన్నె మీద చోటుంది. ఉడకబెట్టిన చెనక్కాయలు ఆ గిన్నెలో ఉన్నాయి. తొక్కలు కింద పడితే మీ అవ్వ తిట్టేది మిమ్మల్ని కాదు, నన్ను. ఆ చేటలో వేయండి.

ఇందాక మన చిన్నోడు ఒక మాట అడిగాడు. గానుగ మామ ఫోను టింగుమంది కదా, వెంకటగిరి నించి నలభై లీటర్ల చెనక్కాయ నూనెకి ఆర్డరు వచ్చిందని ఆయన ఎగిరి గంతేశాడు కదా, అప్పుడు అడిగాడు వీడు: "తాతా, ఆ జాబు ఇంతసేపూ యాడ ఉన్నింది?" అని. నవ్వకండి, చాలా గట్టి ప్రశ్న అది. బతుకంతా పోస్టాఫీసులో జాబులు సార్టింగు చేసిన నాకే దానికి జవాబు నిన్న మొన్నటిదాకా సరిగ్గా తెలీదు. అదైనా మీ గానుగ మామ చేసిన ఒక తిక్కపని పుణ్యాన తెలిసింది. ఆ కథ చెబుతా. ముందు మాత్రం మా పాత పోస్టాఫీసులోకి ఒకసారి దూరి రావాలి.

రైల్లో వచ్చిన సంచి మూతికి పురికొసతో కట్టి, ముడి మీద లక్క కరగబోసి, దాని మీద ఆఫీసు ముద్ర అదిమి ఉండేది. ఆ లక్క సీలు చెక్కు చెదరలేదని చూసుకున్నాకే కొస కోసేది. సంచి దులిపితే బల్ల మీద జాబుల కుప్ప. పక్కన స్టాంపు ప్యాడు. ప్యాడు మీద ఒక దెబ్బ, జాబు మీద ఒక దెబ్బ. టప్, టప్, టప్, టప్. మా మోచేతులు అట్లా అరిగినవే. ముద్ర పడ్డ జాబుని ఎదురుగా చెక్క అరల్లో వేసేవాళ్లం. ఆ అరల్ని ఇంగ్లీషోళ్లు 'పిజన్ హోల్స్' అంటారు, అంటే పావురాల గూళ్లు. ఈ పావురాల మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఏ అరలో వేయాలో చెప్పేది పిన్‌కోడు. 1972 ఆగస్టు 15న వచ్చింది అది. మనది 517619 కదా. ముందున్న 5 చూస్తే దక్షిణాది, 517 దాకా చూస్తే చిత్తూరు వైపు, చివరి మూడూ చూస్తే ఏర్పేడు. వాన పడి ఊరి పేరు చెరిగిపోయిన కార్డు కూడా ఆ ఆరంకెలతో ఇల్లు చేరేది.

ఈమెయిల్ చిరునామా కూడా ఇంతే. మధ్యలో సున్నా లోపల 'ఎ' చుట్టుకున్నట్టు ఒక గుర్తుంటుందే, దానికి ఎడమ పక్కది మనిషి పేరు, కుడి పక్కది పోస్టాఫీసు పేరు. ఫలానా మనిషి, ఫలానా తావ. ఆ గుర్తుని అక్కడ పెట్టినాయన అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు, 1971లో. అంతకు ముందు దాన్ని అంగళ్ల లెక్కల్లో వాడేవాళ్లు, పది బస్తాలు, బస్తా ఇంత చొప్పున అని రాయడానికి. ఎవరి పేరులోనూ రాని గుర్తు గనక దాన్ని పట్టుకున్నాడు. తమాషా ఏమంటే, ఆయన మొదటి జాబు పంపింది ఒకే గదిలో పక్కపక్కన ఉన్న రెండు మిషన్ల మధ్య! పక్కింటికి గోడ మీంచి గిన్నె అందించినట్టు. ఆ జాబులో ఏం రాశాడో ఆయనకే గుర్తు లేదట. మన పెద్దవాళ్లయితే శుభలేఖకి రాసినట్టు పసుపు రాసి దాచి ఉండేవాళ్లు.

ఇంక సర్వరు. పేరు విని బెదరకండి. అది కూడా కంప్యూటరే, కాకపోతే రాత్రీ పగలూ మేలుకుని ఉండేది. అందులో ఇద్దరు నౌకర్లు పని చేస్తుంటారు. ఒకడు సంచులు మోసేవాడు: బయటి జాబులు దించుకుంటాడు, మన జాబులు బయటికి మోస్తాడు. వాడి పని పద్ధతులన్నీ 1982లోనే రాసి పెట్టారు, వాటి పేరు ఎస్ఎంటీపీ. రెండోవాడు అరల దగ్గర కూర్చుని, వచ్చినవాడికి వాడి జాబులు చూపించేవాడు. ఈ రెండు పనులకీ దమ్మిడీ తీసుకోని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మోసేవాడి పేరు పోస్ట్‌ఫిక్స్, 1998లో వీట్సే వెనెమా అనే ఆయన అందరికీ ఇచ్చేశాడు. అరల దగ్గరవాడి పేరు డవ్‌కాట్, ఫిన్లాండు కుర్రాడొకడు 2002లో మొదలుపెట్టాడు. డవ్‌కాట్ అంటే ఏమనుకున్నారు? పావురాల గూడు! దానికి తోడుగా జాబుల్ని వేరు చేసి అరల్లో వేసే ముక్క ఇంకొకటుంది, దాని పేరు పిజన్‌హోల్. ఈ సంగతి తెలిసిన రోజున నేను మీ అవ్వని వంటింట్లోంచి పిలిచి మరీ చెప్పాను. "ఆ పావురాలు గింజలు తినవు గదా, పోనీలే" అంది.

సరే, ఫోను సంగతి. పూర్వం పీఓపీ అని ఒక పద్ధతి ఉండేది. పోస్టాఫీసుకి పోయి మన జాబులన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకోవడం, అక్కడ అర ఖాళీ. ఇంట్లో ఒకే కంప్యూటరున్న రోజుల్లో బాగానే జరిగింది. మరి ఇప్పుడు మామ ఫోనుంది, అత్త ఫోనుంది, లెక్కలు రాసే అబ్బాయి ఫోనుంది. ఆర్డరు మామ ఫోనులోకి దిగిపోతే అత్తకెట్లా తెలుస్తుంది? మామేమో తిరుపతి బస్సులో నిద్రపోతుంటాడు! అందుకే ఐమాప్ అని ఇంకో పద్ధతి. స్టాన్‌ఫోర్డులో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో తయారు చేశాడు. ఇందులో జాబు అరలోనే ఉంటుంది, ఫోనులో మనం చూసేది దాని నీడ. ఊరి బావి ఒకటే, చేదలు మూడు. మామ చదివితే అత్త ఫోనులోనూ 'చదివారు' అని పడుతుంది. ఫోను స్వర్ణముఖిలో పడిపోయినా జాబు పడిపోదు.

ఒరే చిన్నోడా, నీ ప్రశ్నకి సగం జవాబు ఇదే. జాబు మామ జేబులో లేదు. గూట్లో ఉంది.

మిగతా సగం ఆ టింగు. ఫోనుకి ఎట్లా తెలిసింది జాబు వచ్చిందని? అయిదు నిమిషాలకొకసారి పోయి "నాకేమన్నా వచ్చిందా" అని అడిగి రావచ్చు. మీ చిన్నత్త పెళ్లి కుదిరినప్పుడు మా ఆఫీసుకి అట్లాగే తిరిగేది. కాళ్లు నొప్పి, ఫోనుకయితే బ్యాటరీ ఖర్చు. దీనికి 1997లో ఒక ఉపాయం కనిపెట్టారు. చేలో మంచె మీద పడుకున్న రైతు కాలికి తాడు కట్టుకుని రెండో కొస డబ్బాలకు కట్టి నిద్రపోతాడు చూడండి, పంది వచ్చి తగిలితే తాడు గుంజుతుంది, లేస్తాడు. ఫోను కూడా సర్వరుకి ఒక తాడు కట్టి కునుకు తీస్తుంది. జాబు వస్తే సర్వరు గుంజుతుంది. కాకపోతే ఎంతసేపటికీ చప్పుడు లేకపోతే సర్వరు వీడు పోయాడనుకుని తాడు కోసేస్తుంది. అందుకని 29 నిమిషాల లోపల ఒకసారి "ఉన్నా, ఉన్నా" అని దగ్గాలని రాశారు! ముప్పై కాదు, ఇరవై తొమ్మిది. అరగంటకి తాడు కోసేవాడి కంటే ఒక నిమిషం ముందన్నమాట. ఇప్పటి ఫోన్లలో యాప్‌కొక తాడు కాకుండా అన్నిటికీ కలిపి ఒకే మోకు ఉంటుంది, గూగుల్ దగ్గరికో ఆపిల్ దగ్గరికో.

ఇంక తిక్కపని. సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుందని తెలిశాక మీ మామ ఊరుకుంటాడా? గానుగ పేరుతో ఏడాదికి వెయ్యి రూపాయల లోపల ఒక చిరునామా కొన్నాడు. కొట్టుగదిలో చెక్క బస్తాల పక్కన పాత కంప్యూటరు పెట్టి, "మామా, మన సొంత పోస్టాఫీసు" అని నన్ను పిలిచి కొబ్బరికాయ కొట్టించాడు. లోపలికి జాబులు వచ్చాయి. బయటికి ఒక్కటీ పోదు. నాలుగు రాత్రులు కూర్చున్నాం. కారణం విచిత్రంగా ఉంది. జాబులు మోసే దారికి 25వ గుమ్మం అని పేరు, ఇళ్లకిచ్చే ఇంటర్నెట్ లైన్లలో ఆ గుమ్మాన్ని చాలాచోట్ల ముందే మూసి ఉంచుతారు. పురుగు పట్టిన ఇంటి కంప్యూటర్లు దొంగ జాబులు కుమ్మరించకుండా. పైగా ఇంటి లైను నంబరు మారుతుంటుంది. నెలకో అద్దెయిల్లు మారేవాడి పేరు మీద జాబులు ఎవరు నమ్ముతారు?

దానికి తోడు ఒక రాత్రి గాలివాన. కరెంటు పోయి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. ఆర్డర్లన్నీ గంగలో కలిశాయని మామ తల పట్టుకున్నాడు. మిషను లేచిన కాసేపటికి చూస్తే, ఒకటొకటే వచ్చి వాలడం మొదలుపెట్టాయి! తలుపు తాళం వేసి ఉంటే పోస్ట్‌మ్యాన్ జాబు చించి పారేయడు కదా, మళ్లీ వస్తాడు. ఈమెయిలు కూడా అంతే, పంపిన సర్వరు దాన్ని వరసలో పెట్టుకుని నాలుగైదు రోజుల దాకా తలుపు తడుతూనే ఉంటుంది. ఆ రోజు మాత్రం నాకు మా శాఖ మీద మళ్లీ గౌరవం పుట్టింది.

తర్వాత నెలకి కొన్ని వందలు పెట్టి వేరే చోట ఒక మిషను అద్దెకి తీసుకున్నాడు. జాబులు పోయాయి, పోయినవి పోయినట్టు అవతలివాళ్ల చెత్తబుట్టలో పడ్డాయి. ఏమయ్యా అంటే, సీలు లేదు. మన లక్క సీలే! ఈమెయిల్లో దాని పేరు డీకిమ్. సీలు దిమ్మె మన పెట్టెలో తాళం వేసి ఉంటుంది. ఆ దిమ్మె వేసే ముద్ర ఎట్లుంటుందో మాత్రం ఊరందరికీ కనపడేటట్టు గోడకి అంటించి పెడతాం. జాబు అందుకున్నవాడు రెండూ పోల్చి చూసుకుంటాడు. దారిలో ఎవడన్నా ఒక్క అంకె మార్చినా, నలభై లీటర్లని నాలుగు వందలు చేసినా, ముద్ర పొసగదు. ఎస్పీఎఫ్ అని ఇంకో చీటీ ఉంది, మా సంచులు మోసేది ఫలానా వాళ్లే అని రాసి పెట్టేది. 2024 ఫిబ్రవరి నించి గూగుల్, యాహూ వాళ్లు ఇవేవీ లేనివాళ్ల జాబుల్ని గడప తొక్కనివ్వడం లేదు. మామ అవన్నీ కూడా అతికించాడు. అతికించాక అర్ధరాత్రి దొంగలు తాళం తిప్పి చూస్తున్నారని, మిషను నిండిపోయిందని, ఏదో ఒకటి. గానుగ తిప్పాలా, సర్వరుకి కాపలా కాయాలా? ఎద్దుని ఊరికే ఇచ్చినా గడ్డి మనమే వేయాలి కదా నాయనా.

చివరికి గూళ్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర చేరాడు. మనిషికి నెలకి వంద లోపల దొరికేవీ ఉన్నాయి. పక్కన రేణిగుంటలో ఆఫీసు పెట్టిన జోహో వాళ్లది ఈ వ్యాపారమే. శ్రీధర్ వెంబు గారూ వాళ్లూ 1996లో అడ్వెంట్‌నెట్ అని మొదలుపెట్టారు, 2008లో మెయిలు తెచ్చారు. చిన్న ఆఫీసు, ఇంటి ఆఫీసు అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు సోహో, అందులోంచి పుట్టిందే ఆ పేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులవి సుమారు 12 లక్షల ఈమెయిల్ ఖాతాలు ఇప్పుడు వాళ్ల వ్యవస్థ మీద నడుస్తున్నాయి. నేను వాళ్ల తరఫున చెప్పడం లేదు, ఇట్లాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. నాకు నచ్చింది వేరే. కొట్టుగది నించి అద్దె మిషనుకి, అక్కణ్ణించి అద్దె గూటికి మామ మూడు ఇళ్లు మారాడు, ఒక్క గిరాకీకి కూడా తెలియలేదు! చిరునామా ఆయన పేరు మీదే ఉంది. ఈ పేరుకి వచ్చే సంచులు ఏ ఆఫీసులో దించాలి అని ఒక రిజిస్టరులో రాసి ఉంటుంది, అందులో ఒక వరస దిద్దాడు, అంతే. అందుకే ఇల్లు అద్దెదైనా పేరు మాత్రం సొంతానిది ఉంచుకోమంటాను.

ఏం పాపా? తెలుగులో రాస్తే పోతుందా అనా? భలే అడిగావు. మొదట్లో పోదు. ఆ పెట్టెకి నోరు చిన్నది, 128 గుర్తులే పట్టేవి, ఇంగ్లీషుకి సరిపోయేది. 1992లో ఒక కిటుకు చేశారు. నీరాటికుండని గడ్డి చుట్టి బండిలో పంపినట్టు, ఏ భాషైనా ఆ గుర్తుల్లోనే చుట్టి పంపడం. 'అమ్మ' అని రాయి. నీకు రెండక్షరాలు. మిషనుకి నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. ఒక్కోదానికి మూడు గళ్లు, మొత్తం పన్నెండు. చుట్టాక పదహారు ఇంగ్లీషు గుర్తులు. ఆ పదహారూ నాలుగేసి చొప్పున విడదీసి చూస్తే, ప్రతి ముక్కా నాలుగంకె, ఎల్ అక్షరంతోనే మొదలవుతుంది! తెలుగు అక్షరం ఏదైనా అంతే, ఇంటి పేరులాగా. మధ్యలో ఖాళీ పడితే వరస జరుగుతుందనుకో. ఫొటో పంపినా ఇదే చుట్టుడు, అందుకే మూడు ఎంబీల బొమ్మ నాలుగవుతుంది.

ఏదీ, మీ అమ్మ ఫోను తెచ్చి ఇప్పుడే నాకు 'అమ్మ' అని పంపు. తాతకి పంపుతూ అమ్మ ఏందంటావా, పంపవే.

వచ్చింది. ఆ మూల చుక్కలు నొక్కి అసలు జాబు చూపించమంటే, ఇదిగో, ఇంత పొడుగు అట్ట. ఏ ఆఫీసులో దిగిందో, ఎన్ని గంటల ఎన్ని సెకన్లకో, దిగిన చోటల్లా ఒక వరస. ఇవి ముద్రలే పిలకాయలూ! కింది నించి పైకి చదవాలి, మొదటి ఆఫీసుది అట్టడుగున ఉంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు ముద్రలు, మూడు సెకన్లు. రెండడుగుల దూరంలో కూర్చున్న తాతకి.

చిన్నోడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు చూడండి. ఏం రా?

"టప్ అనలేదు తాతా."