గణిత మహాసభలలో స్త్రీల ప్రత్యేక సమావేశాలు

ప్రపంచ గణితవేత్తల మహాసభ నాలుగేళ్లకొకసారి జరుగుతుంది. మొదటిది 1897లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో జరిగింది. ఫీల్డ్స్ పతకాలను బహూకరించేది ఈ సభలోనే. పత్రికలు రాసేది పతకాల గురించి, ప్రధాన వేదిక మీది ఉపన్యాసాల గురించి. కాని వేలమంది ఒక చోట చేరినప్పుడు, ఒకే విషయంలో ఆసక్తి గలవారు మహాసభకు ముందు రోజునో, సాయంకాలం వేళనో విడిగా కూర్చుని మాట్లాడుకోవటం కూడా ఆనవాయితీగా వస్తున్నది. ఇలాంటి ప్రత్యేక సమావేశాల వల్ల ఒరిగేదేమిటి? అవి కాలక్షేపానికేనా, లేక మహాసభనే మార్చగలవా? స్త్రీ గణితవేత్తల సమావేశాల చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

పూర్వరంగం

తొలి మహాసభకు వచ్చిన 208 మందిలో స్త్రీలు నలుగురే. సభికులందరి ముందు ప్రధానోపన్యాసం చేసే గౌరవం ఒక స్త్రీకి మొదటిసారిగా దక్కింది 1932లో. ఆమె జర్మనీకి చెందిన ఎమ్మీ నోయెథర్. ఆధునిక బీజగణితానికి పునాదులు వేసినవారిలో ఆమె ఒకరు. అయినా గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆమె పాఠాలు చాలాకాలం హిల్బర్ట్ అనే ఆచార్యుని పేరు మీదనే ప్రకటించబడేవి. 1919లో గాని తన పేరుతో పాఠం చెప్పే హక్కు ఆమెకు లభించలేదు.

నోయెథర్ తరువాత మరొక స్త్రీ ప్రధానోపన్యాసం చేయటానికి 58 సంవత్సరాలు పట్టింది. 1990లో జపానులోని క్యోటో నగరంలో కారెన్ ఉలెన్‌బెక్ ఆ ఉపన్యాసం చేశారు. ఇంత వ్యవధి ఎందుకు వచ్చింది? మహాసభలో ఎవరు మాట్లాడాలో ఒక కార్యక్రమ సంఘం నిర్ణయిస్తుంది. ఆ సంఘం ముందుకు రాని పేరుకు ఆహ్వానం రాదు. పేరు రావాలంటే పని నలుగురికీ తెలియాలి. తెలియాలంటే సభలకు రాగలగాలి. మొదటి మెట్టే అందనివారికి చివరి మెట్టు ఎలా అందుతుంది?

సమావేశాల పుట్టుక

ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం ప్రధాన వేదిక మీద మొదలు కాలేదు. 1971లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో గణిత సంఘాల వార్షిక సమావేశాలు జరిగినప్పుడు, అక్కడికి వచ్చిన స్త్రీలు కొందరు కలసి గణితంలో స్త్రీల సంఘాన్ని ఏర్పరచుకున్నారు. మేరీ గ్రే దాని తొలి అధ్యక్షురాలు. 1986లో బర్క్‌లీ మహాసభలో ఈ సంఘం ఒక చర్చాగోష్ఠి జరిపింది. అందులో పాల్గొన్న ఐరోపా స్త్రీలకు తమ ఖండంలోనూ ఇలాంటిది కావాలన్న ఆలోచన కలిగింది. ఐరోపా స్త్రీ గణితవేత్తల సంఘం అలా పుట్టింది. 1994లో జ్యూరిచ్ మహాసభలో నోయెథర్ పేరిట ప్రత్యేకోపన్యాసం ఆరంభమైంది. పక్క గదిలో మొదలైన మాట క్రమంగా కార్యక్రమ పత్రంలోకి ఎక్కసాగింది.

హైదరాబాదులో

2010 ఆగస్టు 19 నుండి 27 వరకు మహాసభ నాటి ఆంధ్రప్రదేశ్ రాజధాని హైదరాబాదులో జరిగింది. భారతదేశంలో జరిగిన తొలి మహాసభ అదే. దానికి ముందు ఆగస్టు 17, 18 తేదీలలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో స్త్రీ గణితవేత్తల అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఇలాంటి సమావేశంలో జరిగేది ముఖ్యంగా గణితమే. అనుభవజ్ఞులైన స్త్రీలు తమ పరిశోధనను వివరిస్తారు. యువతులు వింటారు, ప్రశ్నిస్తారు. ఉద్యోగం, కుటుంబం, పరిశోధన ఈ మూడింటి నడుమ దారి చూసుకోవటం ఎలా అన్నది కూడా చర్చకు వస్తుంది. రెండు రోజుల తరువాత మహాసభ ప్రాంగణంలో అడుగుపెట్టే యువతికి అప్పటికే కొన్ని ముఖాలు పరిచయమై ఉంటాయి.

ఆ ఏడు మరికొన్ని మార్పులు కనిపించాయి. మన దేశానికి చెందిన రామన్ పరిమళ ప్రధానోపన్యాసం చేసినవారిలో ఒకరు. నార్వేకు చెందిన ఇదున్ రైటెన్ నోయెథర్ ఉపన్యాసం చేశారు. అదే నెలలో బెంగుళూరులో సమావేశమైన అంతర్జాతీయ గణిత సమాఖ్య, ఇంగ్రిడ్ డొబెషీని తన తొలి మహిళా అధ్యక్షురాలిగా ఎన్నుకున్నది.

హైదరాబాదు మహాసభ వ్యాస సంపుటాలలో ఇరాన్ వనిత మర్యం మీర్జాఖానీ వ్యాసం కూడా ఉన్నది. టెహరాన్‌లో 1977 మే 12న జన్మించిన ఆమె, 1994, 1995 సంవత్సరాలలో విద్యార్థుల అంతర్జాతీయ గణిత పోటీలలో బంగారు పతకాలు సాధించారు. షరీఫ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రురాలై, హార్వర్డ్‌లో డాక్టరేటు పొందారు. 2014లో సియోల్ మహాసభలో ఆమెకు ఫీల్డ్స్ పతకం లభించింది. 1936 నుండి అంతవరకు ఆ పతకం ప్రకటించబడిన 52 మందీ పురుషులే. 2017 జులైలో, నలభై ఏళ్ల వయసులోనే, కాన్సర్ వ్యాధితో ఆమె మరణించారు.

ఒక సందేహం

గణితంలో స్త్రీ, పురుష భేదం లేనప్పుడు వేరే సమావేశం దేనికి అని కొందరు అడుగుతారు. ప్రశ్న సహేతుకమైనదే. నిరూపణ సరైనదా, కాదా అన్నది రాసినవారిని బట్టి తేలదు. కాని ఆ నిరూపణను ఎవరు వింటారు, దాని గురించి ఎవరితో చెబుతారు, రాసినవారికి ఉద్యోగం ఎవరిస్తారు అన్నవి మనుషులు తేల్చే విషయాలు. లోపం అక్కడ ఉన్నది. ప్రత్యేక సమావేశం సరిదిద్దేదీ అక్కడే. ఈ సమావేశాలు మహాసభకు పోటీగా గాక, దానికి ఒకటి రెండు రోజుల ముందో, దాని నడుమనో జరగటం గమనించదగినది. విడిపోవటం వాటి ఉద్దేశం కాదు, లోపలికి వెళ్లటమే.

రియోలో తీర్మానం

2015లో అంతర్జాతీయ గణిత సమాఖ్య స్త్రీల కొరకు ఒక స్థాయీ సంఘాన్ని నియమించింది. వర్ధమాన దేశాలలో స్త్రీల సమావేశాలకు అది ఆర్థిక సహాయం చేస్తున్నది. 2018 జులై 31న, రియో డి జనీరో మహాసభకు ముందు రోజు, స్త్రీల ప్రపంచ సమావేశం జరిగింది. ఇరాన్ గణిత సంఘపు మహిళా విభాగం అక్కడ ఒక ప్రతిపాదన తెచ్చింది: మీర్జాఖానీ జన్మదినమైన మే 12ను గణితంలో స్త్రీల దినంగా జరపాలని. సభికులు అత్యధిక సంఖ్యలో దానిని ఆమోదించారు. 2019 నుండి అనేక దేశాలలో ఆ దినం జరుగుతున్నది. 2022లో ఉక్రెయిన్‌కు చెందిన మరీనా వియాజోవ్‌స్కా ఫీల్డ్స్ పతకం పొందిన రెండవ స్త్రీ అయ్యారు.

పతకాలు ఒకరిద్దరికే దక్కుతాయి. వాటి వల్ల వెనుక ఉన్నవారికి దారి దానంతటదే ఏర్పడదు. దారి వేసేది చిన్న సమావేశాలు: ఒక యువతికి ప్రయాణ ఖర్చు ఏర్పాటు చేసి, ఆమె పరిశోధనను ఓపికగా విని, తెలిసినవారికి ఆమెను పరిచయం చేసేవి. బిడ్డలకు చదువు చెప్పించే ప్రతి సమాజం ఈ అనుభవం నుండి ఒక సంగతి గ్రహించవచ్చు. ఆడపిల్లకు గణితం నేర్పటం ఎంత అవసరమో, నేర్చుకున్నదానిని నలుగురి ముందు చెప్పుకునే చోటు కల్పించటం కూడా అంతే అవసరం.